ఇసుకలో దిద్దిన తొలి అక్షరం

1823 ఆగస్టు 17న బళ్ళారి జిల్లా కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ మద్రాసులోని రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. జిల్లాలో బడులు ఎన్ని, చదివేవారు ఎందరు, వారు ఏయే కులాలవారు అని అంతకుముందు సంవత్సరం గవర్నరు థామస్ మన్రో అన్ని జిల్లాల కలెక్టర్లను అడిగిన ప్రశ్నలకు అది సమాధానం. పట్టికలు నింపి, పైన నాలుగు మాటలు రాసి పంపితే క్యాంబెల్ బాధ్యత తీరిపోయేదే. కాని ఆయన అంతటితో ఆగలేదు. 1816లో తెలుగు వ్యాకరణాన్ని, 1821లో తెలుగు నిఘంటువును ప్రకటించిన ఆ అధికారికి భాష మీద ఉన్న ఆసక్తి దానిని నేర్చుకునే పసివాడి మీదకు కూడా మళ్ళింది. అయిదేళ్ళ పిల్లవాడు బడిలో అడుగుపెట్టిన రోజు నుంచి అతనికి అక్షరం ఎలా పట్టుబడుతుందో ఆయన వరుసగా వర్ణించాడు. తెలుగు నేలపై బడిలోని మొదటి ఏడాది ఎలా గడిచేదో చెప్పే పాత ఆధారాలలో ఇంత వివరమైనది అరుదు.

ఆనాటి బళ్ళారి జిల్లా ఇప్పటి జిల్లా కంటే చాలా విశాలమైనది. 1882లో విడిపోయిన అనంతపురం, 1953లో ఆంధ్ర రాష్ట్రంలో చేరిన ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అప్పట్లో అందులోనివే. మొత్తం జనాభా 9,27,857. బడులు 533, వాటిలో చదివే పిల్లలు 6,641 మంది. కన్నడ బడులు 235 కాగా తెలుగు బడులు 226. మరాఠీ, పారశీ, తమిళం నేర్పేవి కొన్ని, ఇంగ్లీషు నేర్పేది ఒకే ఒక్కటి. సగటున ఒక్కొక్క బడికి పన్నెండు మంది. ఏ ఇంటి అరుగు మీదనో, గుడి మండపంలోనో ఒక పంతులు ఎదుట పన్నెండు మంది పిల్లలు కూర్చుంటే అదే వీధి బడి.

క్యాంబెల్ వర్ణన పిల్లవాడి ఇంటి నుంచే మొదలవుతుంది. బడిలో చేర్చదలచిన రోజున పంతులుతో పాటు ఆ బడి పిల్లలందరినీ ఇంటికి పిలిచేవారు. వినాయకుడి ప్రతిమ చుట్టూ వారంతా వలయంగా కూర్చునేవారు. కొత్త పిల్లవాడిని ప్రతిమకు ఎదురుగా కూర్చోబెట్టి, పంతులు అతని పక్కన చేరి, ధూపదీపాలు అయిన తర్వాత ప్రార్థన చెప్పించి, అతని వేలు పట్టుకుని బియ్యంలో దైవనామం రాయించేవాడు. తల్లిదండ్రులు తమ శక్తి కొద్దీ ఇచ్చిన దక్షిణ పుచ్చుకుని పంతులు వెళ్ళిపోయేవాడు. మర్నాడు ఉదయం నుంచి బడి. ఈ తంతును తెలుగువారు అక్షరాభ్యాసం అంటారు. అందులో ఒక చిన్న విషయాన్ని గమనించాలి. పిల్లవాడు బడికి వెళ్ళడానికి ముందే బడి అతని ఇంటికి వచ్చేది. మర్నాడు అరుగు మీద కనిపించబోయే ముఖాలన్నీ అతనికి తెలిసిన ముఖాలే అయ్యేవి. మొదటి రోజు భయం పోగొట్టడానికి ఇప్పుడు శిక్షణ తరగతుల్లో చెప్పే ఉపాయాలలో ఇది కూడా ఒకటి. ఆ కాలంలో మాత్రం దానిని ఉపాయంగా ఎవరూ భావించి ఉండరు. అది ఆచారం.

బడిలో మొదటి పని అక్షరాలు నేర్చుకోవడం. ఐరోపాలోని పిల్లల వలె ముందు అక్షరమాలను నోటితో వల్లించి కాక, ఇక్కడి పిల్లలు నేల మీద ఇసుకలో వేలితో రాస్తూ అక్షరాలు నేర్చుకుంటున్నారని క్యాంబెల్ ప్రత్యేకంగా పేర్కొన్నాడు. తెలుగులో గుంట ఓనమాలు అనే మాట నేటికీ వాడుకలో ఉన్నది. చదువులో బొత్తిగా తొలి మెట్టు మీద ఉన్నవాడు గుంట ఓనమాలు దిద్దుతున్నాడంటారు. ఓనమాలు అనే పేరు పిల్లల చేత మొదట రాయించే ‘ఓం నమః శివాయ’ నుంచి వచ్చింది. దిద్దడం అనే క్రియకు తెలుగులో రెండర్థాలు. రాసి ఉన్న అక్షరం మీదనే మళ్ళీ మళ్ళీ వేలు తిప్పడం ఒకటి, తప్పును సరిచేయడం రెండవది. ఇసుకలో ఈ రెండు పనులూ ఒక్కటే. గీత వంకర పోతే అరచేతితో తుడిచి మళ్ళీ రాయవచ్చు. తప్పు ఎక్కడా మిగలదు, తల్లిదండ్రులకు ఖర్చూ లేదు. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అంటూ వంపుల మీద నడిచే లిపికి వేలి కొస నుంచే పరిచయం మొదలు కావడం సహజమైన మార్గమే.

ఇసుకలో చేయి తిరిగిన తర్వాత పిల్లవాడికి హోదా పెరిగేది. తాటాకు మీద గంటంతోనో, కాగితం మీద కలంతోనో, పలక మీదనో, కడితం మీదనో రాసే అధికారం అప్పుడు వచ్చేది. పలక అంటే మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు గల చెక్క. దానిని నునుపు చేసి, అన్నమూ బొగ్గుపొడీ కలిపి పూసేవారు. కడితం గంజి పెట్టి బిరుసు చేసిన గుడ్డ. పుస్తకం వలె మడతలు పెట్టి, బొగ్గూ జిగురూ కలిపి పట్టించేవారు. రెండింటి మీదా బలపంతో రాసి తడిగుడ్డతో తుడిచేవారు. కొనుక్కోవలసిన వస్తువు అందులో దాదాపు ఏదీ లేదు. ఊరిలో దొరికే చెక్క, గుడ్డ, బొగ్గు, గంజి చాలు.

బడి పిల్లలు సాధారణంగా నాలుగు తరగతులుగా ఉండేవారు. ఒక తరగతి నుంచి మరొక తరగతికి వెళ్ళడానికి సంవత్సరం గడవనవసరం లేదు. ఎవరికి ఎప్పుడు వస్తే వారు అప్పుడు పైకి వెళ్ళేవారు. పై తరగతులను పంతులు తానే చూసుకునేవాడు. కింది తరగతుల భారంలో కొంత పెద్ద పిల్లల మీద ఉండేది. అంటే కొత్తగా వచ్చిన అయిదేళ్ళవాడి వేలు పట్టుకుని ఇసుకలో తిప్పేది చాలాసార్లు పంతులు కాదు, నిన్న మొన్నటి వరకూ అదే ఇసుకలో కూర్చున్న ఎనిమిదేళ్ళవాడో పదేళ్ళవాడో. ఈ రెండు అంశాలను, అంటే ఖర్చు లేకుండా రాయడం నేర్పడాన్ని, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించడాన్ని క్యాంబెల్ మనసారా మెచ్చుకున్నాడు. ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం సముచితమే అన్నాడు.

ఆ అనుకరణ కథ క్యాంబెల్ కంటే ముందే మద్రాసులో మొదలైంది. ఇక్కడి పిల్లలు ఇసుకలో చదువుకోవడం విదేశీయుల కంటపడడం మాత్రం ఇంకా పాత సంగతి. 1623లో ఇటలీ యాత్రికుడు పియెట్రో డెల్లా వల్లె కన్నడ సీమలో పశ్చిమ కనుమల దారిన వెళుతూ, ఒక గుడి ముందర నలుగురు బాలురు నేల మీద సన్నని ఇసుక చల్లుకుని, పాఠాన్ని రాగం తీస్తూ, వేలితో అంకెలు వేస్తూ కూర్చోవడం చూశాడు. గురువు ఎవరూ దగ్గర లేరు. తప్పు పోతే ఎవరు చెబుతారని అడిగితే, నలుగురమూ ఒకేసారి మరచిపోము గదా అన్న భావంతో వారు బదులు చెప్పారని ఆయన రాసుకున్నాడు.

స్కాట్లండుకు చెందిన ఆండ్రూ బెల్ 1787లో మద్రాసు చేరాడు. 1789 నుంచి ఎగ్మూరులో సైనికుల మగపిల్లలకు నడిపే అనాథాశ్రమ పాఠశాల పర్యవేక్షణ ఆయన చేతికి వచ్చింది. అక్కడి ఉపాధ్యాయుల పనితీరు ఆయనకు నచ్చలేదు. ఒక రోజు దారిలో దేశీయుల బడి ఒకటి కనిపించింది. పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుతున్నారు. ఆయన తన బడికి తిరిగి వచ్చి, అక్షరాలు నేర్చుకునే తరగతిలోనూ అదే చేయమన్నాడు. ఉపాధ్యాయులు ముందుకు రాలేదు. అప్పుడు జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ సిపాయి కొడుకును పిలిచి ఆ తరగతిని అతనికి అప్పగించాడు. పెద్దలకు సాధ్యం కాదనిపించిన పని ఆ కుర్రవాడు చేసి చూపాడు. 1796లో బెల్ స్వదేశానికి వెళ్ళి, మరుసటి ఏడాది లండనులో తన ప్రయోగాన్ని గురించి చిన్న పుస్తకం ప్రకటించాడు. జోసెఫ్ లాంకాస్టర్ అనే మరొక విద్యావేత్త ఇటువంటి పద్ధతినే తన బడిలో నడిపాడు. ఇద్దరిలో ఎవరు ముందన్న వివాదం చాలాకాలం సాగింది. 1811లో చర్చి పక్షాన ఏర్పడిన నేషనల్ సొసైటీ బెల్ పద్ధతిని ఇంగ్లండు అంతటా వ్యాపింపజేసింది. దానికి మద్రాసు పద్ధతి అనే పేరు స్థిరపడింది. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో ఆయన నిధితో వెలసిన పాఠశాలకు మద్రాస్ కాలేజీ అని పేరు. ఆ పేరుతోనే అది ఇప్పటికీ నడుస్తున్నది.

ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళినది ఏమిటి, వెళ్ళనిది ఏమిటి అన్నది ఆలోచించవలసిన విషయం. ఇసుక వెళ్ళింది. లాంకాస్టర్ బడులలో కొత్తగా చేరిన పిల్లలు ఇసుక పరచిన బల్లల ముందు కూర్చునేవారు. పిల్లల చేత పిల్లలకు చెప్పించడమూ వెళ్ళింది. కాని పన్నెండు మంది అరుగు బడిలో అది చనువు. వందల మందిని ఒకే పెద్ద గదిలో వరుసలుగా కూర్చోబెట్టి, గంట కొట్టినప్పుడు లేచి, ఆజ్ఞ ప్రకారం పలక ఎత్తి చూపించే బడిలో అదే కవాతు అయింది. కర్మాగారాలు పెరుగుతున్న ఇంగ్లండుకు ఎక్కువ మందికి తక్కువ ఖర్చుతో చదువు చెప్పే యంత్రం కావలసి వచ్చింది. పెద్దపిల్లవాడి సహాయం అక్కడ ఉపాధ్యాయుడి జీతానికి బదులు అయింది.

అయితే ఇక్కడి వీధి బడిని స్వర్ణయుగంగా చిత్రించడం కూడా న్యాయం కాదు. క్యాంబెల్ మెప్పుతో పాటు లోపాలనూ దాచలేదు. ఉదయం ఆరు గంటలకు బడి తెరిచేసరికి మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండవవాడి చేతిలో సున్న. మూడవవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున పెరిగేవి. మందకొడి పిల్లవాడిని చేతులకు తాడు కట్టి దూలానికి వేలాడదీసేవారు. దీనినే తెలుగువారు కోదండం వేయడం అన్నారు. గుంజీలు సరేసరి. 6,641 మంది విద్యార్థులలో ఆడపిల్లలు కేవలం 60 మంది. జనాభాలో బడిలో ఉన్నవారు వెయ్యికి దాదాపు ఏడుగురే. నిరుపేద కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు మధ్యలోనే ఆగిపోయేవారు. మునుపు బడులున్న చాలా గ్రామాలలో ఇప్పుడు లేవనీ, సీమ బట్టల దిగుమతితో ఇక్కడి నేతపని దెబ్బతిని ప్రజలు పేదవారు కావడం దీనికి కారణాలలో ఒకటనీ రాయడానికి ఆ కంపెనీ అధికారి వెనుకాడలేదు. 1826 మార్చి 10న మన్రో అన్ని జిల్లాల లెక్కలు కూడి చూపినప్పుడు, 1,28,50,941 మంది జనాభా గల మద్రాసు రాజధానిలో బడులు 12,498, విద్యార్థులు 1,88,650 మంది అని తేలింది. ఈ నివేదికలను చరిత్రకారుడు ధరంపాల్ 1983లో ఒక గ్రంథంగా వెలువరించిన తర్వాతనే సామాన్య పాఠకులకు వాటి సంగతి విస్తృతంగా తెలిసింది.

క్యాంబెల్ ఎత్తి చూపిన లోపాలలో అన్నిటికంటే లోతైనది భాషకు సంబంధించినది. తెలుగు, కన్నడ బడులలో చదివించే పుస్తకాలు పద్యంలో ఉన్నాయి, ఆ పద్యాల భాష మనుషులు మాట్లాడుకునే భాష కాదు, వ్యవహారంలో రాసుకునే భాషా కాదు అన్నాడు. అక్షరాలు రెండింటికీ ఒకటే గనుక పిల్లవాడు చదవగలడు. అర్థం మాత్రం తెలియదు. చాలామంది పంతుళ్ళకూ తెలియదు. వేలు ఇసుకలో నడిచినంత సులువుగా మనసు పుస్తకంలో నడవలేదన్న మాట. వీధి బడి మొదటి సంవత్సరం చేతికి, తోటివాడి చెలిమికి చోటిచ్చింది. పిల్లవాడు ఇంటి నుంచి వెంట తెచ్చుకున్న మాటలకు చోటివ్వలేదు. ఆ తర్వాత ఈ దేశంలో పసిపిల్లల చదువు కోసం పాటుపడినవారు ఎక్కువగా శ్రమించినది ఈ లోటును పూరించడానికే.

1832లో పుదూరు చదలువాడ సీతారామశాస్త్రి మద్రాసులో బాలశిక్షను రచించారు. అక్షరాలు, గుణింతాలు, చిన్న మాటలు, పెద్ద మాటలు, తర్వాత నీతులు, లెక్కలు, తిథివార నక్షత్రాలు ఒకే పుస్తకంలో చేర్చే ఆ వరుస తర్వాతి కాలంలో పెద్దబాలశిక్షగా పెరిగి తరతరాల తెలుగు ఇళ్ళలో నిలిచింది. సులభం నుంచి కఠినానికి వెళ్ళడమన్నది అందులోని గొప్ప సుగుణం. అయినా బడులలో వల్లెవేత తగ్గలేదు. పైగా 1860ల చివరి నుంచి మద్రాసు రాజధానిలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే విధానం వచ్చింది. తనిఖీ అధికారి ఏడాదికి ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షించి, నెగ్గినవారి లెక్కన డబ్బు మంజూరు చేసేవాడు. దసరాకు పిల్లలను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, తనకు దక్షిణ, పిల్లలకు పప్పు బెల్లాలు తెచ్చుకునే వీధి బడి పంతులుకు ఇది కొత్త జీవనాధారం. మంచిదే. కాని ఇంకా పరీక్షకు అందని పసివాడి మీద, ఇసుక దగ్గర ఆలస్యమవుతున్నవాడి మీద, రాబడి తేలేనివాడి మీద ఆ పంతులుకు శ్రద్ధ ఎంతకాలం నిలుస్తుంది?

దాని జవాబు ఒక్క ప్రాంతానికి పరిమితం కాకుండా దేశవ్యాప్తంగా లెక్కలలో బయటపడడానికి 1929 దాకా పట్టింది. సర్ ఫిలిప్ హార్టాగ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఆ సంవత్సరం తన నివేదికలో, 1922–23లో ఒకటవ తరగతిలో ఉన్న ప్రతి 100 మంది పిల్లలలో 1925–26 నాటికి నాలుగవ తరగతిలో ఉన్నవారు 18 మంది మాత్రమే అని చూపింది. మిగిలిన 82 మందిలో కొందరు అదే తరగతిలో ఏళ్ళ తరబడి కూర్చుండిపోయారు. ఎక్కువ మంది బడి వదిలేశారు. నివేదిక దీనికి వృథా, స్తంభన అని పేర్లు పెట్టింది. ఒకే ఉపాధ్యాయుడు అన్ని తరగతులనూ చూడవలసిన బడులు ఎక్కువగా ఉండడాన్ని కూడా ప్రస్తావించింది. అంకెలను పక్కనబెట్టి చూస్తే, అక్షరాభ్యాసం జరిగిన పిల్లలలో అధిక సంఖ్యాకులు పుస్తకం చదవడం వచ్చేలోపునే చదువుకు దూరమయ్యారు. కొన్ని నెలలు నేర్చిన అక్షరాలు కొన్ని నెలలలోనే మరుపున పడి ఉంటాయి. సంఖ్య చూసి దేశంలో చదువు పెరుగుతున్నదని సంతోషించిన కాలంలో జరిగినది ఇది.

ఆ సమయానికి ఉత్తర సర్కారు జిల్లాలలో ఒక ఉపాధ్యాయుడు ఈ సమస్యను భాష వైపు నుంచి పట్టుకుని ఉన్నారు. గిడుగు రామమూర్తి (1863–1940) శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 1906లో పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. ఏట్సు, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో నేర్పే తెలుగు మరొకటి కావడమేమిటని అడిగిన ప్రశ్న నుంచి వ్యావహారిక భాషోద్యమం ఊపందుకున్నదని చెబుతారు. గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ఉద్యమంలో సహచరులు. క్యాంబెల్ 1823లో చెప్పినదే ఇది. అయితే ఆయన దానిని ఒక అధికారిగా గమనించి వదిలేశాడు. గిడుగు దాని కోసం జీవితమంతా పోరాడారు. సాహిత్య చరిత్రలలో ఈ ఉద్యమాన్ని కవిపండితుల వివాదంగా చెప్పడం పరిపాటి. అది మొదలైనది మాత్రం తరగతి గదిలో.

తెలుగు పిల్లవాడికి బడి తెలుగు పరాయిదైతే, పర్లాకిమిడి కొండలలోని సవర పిల్లవాడికి మొత్తం తెలుగే పరాయిది. గిడుగు సవరలతో కలిసి మెలిసి వారి భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, కథలు పాటలు సేకరించారు, సవర పిల్లలకు బడులు పెట్టించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. లిపి లేని భాషకు నిఘంటువు కూర్చడం పాండిత్యమే. ఆ పాండిత్యానికి ప్రేరణ మాత్రం, తన ఎదుట కూర్చున్న పిల్లవాడికి తన మాట తెలియడం లేదన్న బాధ.

దేశానికి పడమటి కొసన మరొక ప్రయత్నం నడిచింది. గిజుభాయి బధేకా (1885–1939) న్యాయవాది. 1913లో కుమారుడు పుట్టిన తర్వాత పిల్లల పెంపకాన్ని గురించి చదువుతూ ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి రచనలకు ఆకర్షితులై, 1916లో న్యాయవాద వృత్తి విడిచి భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరారు. 1920లో అక్కడ బాలమందిరం ప్రారంభించారు. బెత్తం లేని ఆ బడిలో పిల్లలు ఆయనను ‘మీసాల అమ్మ’ అని పిలుచుకున్నారు. 1932 నాటి ఆయన ‘దివాస్వప్న’ ఒక ఉపాధ్యాయుడి ప్రయోగాన్ని కథగా చెబుతుంది. తెలుగులో అది ‘పగటికల’ పేరుతో వచ్చింది. అందులోని తరగతి నాలుగవదే అయినా, కథలతో మొదలుపెట్టి పాఠానికి వెళ్ళాలన్న దాని సూత్రం మొదటి తరగతికి మరింత అవసరమైనది.

1923లో భావనగర్‌లో గిజుభాయితో చేరిన తారాబాయి మోడక్ (1892–1973) ఆ పనిని పట్టణం నుంచి పల్లెకు తీసుకువెళ్ళారు. 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో అనుతాయి వాఘ్ (1910–1992) తోడుగా బాలవాడి నెలకొల్పారు. అక్కడ ఆమెకు వెంటనే అర్థమైన సంగతి, విదేశీ ఉపకరణాలు కొనే స్తోమత పల్లెకు లేదని. గవ్వలు, గింజలు, ఆకులు, మట్టి, రాళ్ళు ఉపకరణాలయ్యాయి. రెండవ సంగతి మరింత బాధాకరమైనది. హరిజనవాడ పిల్లలు బాలవాడికి రాలేదు. పిల్లలు బడికి రాకపోతే బడే వారి ముంగిలికి వెళ్ళాలని నిశ్చయించి, వాడలోని ఇళ్ళ ముందరి ఆవరణలోనే బడి నడిపారు. ముంగిలిలో నడిచే బడి గనుక అది అంగన్‌వాడి అయింది. 1957లో వారి కార్యక్షేత్రం కోస్‌బాడ్ కొండకు మారింది. అక్కడ వార్లీ గిరిజనుల పిల్లలు పగలంతా పశువుల వెంట ఉండేవారు. ఉపాధ్యాయులు పచ్చిక బయలుకే వెళ్ళి అక్కడే పాఠం చెప్పారు. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఆరంభించినప్పుడు, పల్లె కేంద్రాలకు ఆ ముంగిలి పేరే స్థిరపడింది. ఈనాడు ప్రతి తెలుగు పల్లెకూ తెలిసిన అంగన్‌వాడి అనే మాట వెనుక, బడికి రానీయని కొందరు పిల్లల కథ ఉన్నదని గుర్తున్నవారు తక్కువ.

గిజుభాయికి స్ఫూర్తినిచ్చిన మాంటిస్సోరి స్వయంగా 1939 నవంబరులో మద్రాసుకు వచ్చారు. దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించారు. కొద్దినెలలలోనే ఇటలీ యుద్ధంలో దిగడంతో ఆమె కదలికల మీద నిర్బంధం వచ్చింది. కొంతకాలం కొడైకెనాల్‌లో గడిపారు. 1946 వరకు ఆమె ఈ దేశంలోనే ఉండిపోయారు. ఆమె ఉపకరణాలలో ప్రసిద్ధమైనది గరుకు కాగితంతో కత్తిరించి అట్టకు అతికించిన అక్షరం. ఆ గరుకు మీద పిల్లవాడు వేలు నడుపుతూ అక్షరం రూపాన్ని చేతితో గ్రహిస్తాడు. ఇంగ్లీషులో ఆ కాగితానికి ఇసుక కాగితమనే అర్థమిచ్చే పేరు. ఆ పద్ధతి రోములో స్వతంత్రంగా రూపొందినది, దానికీ వీధి బడికీ సంబంధం అంటగట్టనవసరం లేదు. అయినా ఆండ్రూ బెల్ ఇసుక పాఠాన్ని చూసి ఓడ ఎక్కిన నగరంలోనే, నూట నలభై ఏళ్ళ తర్వాత వేలితో దిద్దే అక్షరాన్ని కొత్త శాస్త్రంగా నేర్చుకోవడానికి దేశం నలుమూలల నుంచి ఉపాధ్యాయులు చేరడం చరిత్ర విద్యార్థిని ఒక్క క్షణం ఆపుతుంది.

స్వాతంత్ర్యానంతరం బడులు విస్తరించాయి, ఆడపిల్లలు, దళితులు, గిరిజనులు బడి గడప తొక్కారు. క్యాంబెల్ చూసిన అరుగుకు అది సాధ్యం కాలేదు. కాని ఒకే ఉపాధ్యాయుడు, అయిదు తరగతులు అన్న చిక్కు చాలా ఊళ్ళలో అలాగే నిలిచిపోయింది. అటువంటి బడిలో పెద్ద తరగతులకు పాఠం సాగుతుంటే ఒకటవ తరగతి పిల్లలు పలక మీద అదే అక్షరాన్ని వంద సార్లు దిద్దుతూ కూర్చోవడం తెలుగు పల్లెలలో రెండు మూడు తరాలకు తెలిసిన దృశ్యం. ఈ చిక్కును విప్పడానికి 1983లో బ్రిటిషు ప్రభుత్వ సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ప్రయోగాత్మకంగా మొదలై, కృత్యాల ద్వారా బోధనను ప్రభుత్వ బడులలో ప్రవేశపెట్టింది. 1987లో కేంద్రం చేపట్టిన నల్లబల్ల పథకం ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలన్నది.

మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం మరొక దారి పట్టింది. వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో ఉండడాన్ని లోపంగా కాక వనరుగా తీసుకున్నది. పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ఒక్కొక్క మెట్టుకు ఒక కార్డు తయారుచేసి, పిల్లవాడు తన మెట్టును తానే గుర్తించి ముందుకు సాగే ఏర్పాటు చేశారు. కొన్ని కార్డులకు ఉపాధ్యాయుని సహాయం కావాలి, కొన్నింటికి తోటి పిల్లవాడి సహాయం చాలు, కొన్ని ఒంటరిగా చేయవచ్చు. వారం రోజులు జ్వరంతో రాని పిల్లవాడు తిరిగి వచ్చి తాను ఆగిన చోటనే మొదలుపెట్టవచ్చు. వెనుకబడ్డాడన్న మాటకు అక్కడ చోటు లేదు. కర్ణాటకలో 1990ల మధ్య మైసూరు జిల్లా హెగ్గడదేవన కోటెలో మొదలైన నలి–కలి, 2003 నుంచి చెన్నై నగరపాలక సంస్థ బడులలో అమలైన కృత్యాధార బోధన దీని నుంచి స్ఫూర్తి పొందినవే. క్యాంబెల్ వర్ణించిన, సంవత్సరంతో నిమిత్తం లేకుండా పైకి వెళ్ళే తరగతులు మరొక రూపంలో తిరిగి వచ్చాయి, ఈసారి కోదండం లేకుండా. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన ‘విద్యా ప్రవేశ్’ ఒకటవ తరగతిలో చేరిన పిల్లలకు మొదటి మూడు నెలలూ ఆటపాటలతో బడిని అలవాటు చేయాలని నిర్దేశించింది.

ఇంటి భాష విషయంలో గిడుగు చూపిన దారికి ప్రభుత్వ స్థాయిలో కొనసాగింపు రావడానికి మరికొంత కాలం పట్టింది. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది భాషలలో గిరిజన పిల్లలకు మాతృభాషా బోధన కార్యక్రమాన్ని చేపట్టింది. సవర, గోండి, కోయ, కువి, కొండ, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషలలో ప్రారంభ వాచకాలు తయారయ్యాయి. లిపి తెలుగు, మాట పిల్లవాడి ఇంటిది. ఆ భాష వచ్చిన ఉపాధ్యాయులనే ఆ బడులకు చూడవలసి వచ్చింది. వాచకాలలోని బొమ్మలు, పాటలు, పంటలు, పండుగలు ఆ కొండలవే. తెలుగు క్రమక్రమంగా వస్తుంది. గిడుగు పనిచేసిన పర్లాకిమిడి 1936లో ఒరిస్సాలో చేరింది. దానికి ఇవతల సీతంపేట కొండలలోని బడులలో ఒకటవ తరగతి సవర పిల్లల చేతికి వచ్చిన వాచకం మొదటి పుట, ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడే మాటలతోనే మొదలైంది.